ఎదుటి కుర్చీ

మా చెల్లెల్ని అనుకరించడంలో నన్ను మించినవాళ్ళు మా చుట్టుపక్కల ఎవరూ లేరు. నోట్లో నాలుగు గుండుసూదులు పెట్టుకున్నట్టు పెదవులు బిగించి, మెడలో లేని టేపు సర్దుకుని, ముక్కు ఒక్కసారి సర్రున ఎగబీల్చి, "నేనెవర్నిలే, నన్నెవరడుగుతారులే" అన్నానంటే చాలు, ఇంట్లో ఉన్నవాళ్ళు పొట్ట పట్టుకుని కూలబడేవాళ్ళు.

చెల్లెలు దర్జీ. సూదులు నోట్లో ఉంచుకునే మాట్లాడేది, అందుకని దాని మాటలు సగం లోపలే ఉండిపోయేవి. మా అమ్మాయి నర్సు. ఆస్పత్రి నుంచి కాళ్ళీడ్చుకుంటూ వచ్చి కూడా, "అమ్మా, ఒక్కసారి పిన్నిలా చెయ్యవే" అని అడిగి మరీ చేయించుకునేది. ఇక మనవరాలు పిట్ట ఉంది. పుట్టినప్పుడు రెండు అరచేతుల్లో ఇమిడిపోయేది, అందుకని ఆ పేరే నిలిచిపోయింది. అది నా పక్కన నిలబడి నాకంటే బాగా ముక్కు ఎగబీల్చేది.

తొమ్మిదేళ్ళు మా ఇంట్లో ఇదే వినోదం. ఆ తొమ్మిదేళ్ళూ నాకూ చెల్లెలికీ మాటల్లేవు. ఉండేది మూడు వీధుల అవతలే. దారిలో ఎదురుపడితే నేను తలెత్తి దుకాణాల బోర్డులు చదివేదాన్ని. నాది అసలే కూడబలుక్కుని చదివే చదువు. అది దాటిపోయేలోపు ఒక్క బోర్డు కూడా పూర్తయ్యేది కాదు.

ఎందుకు మాటల్లేవని అడిగినవాళ్ళందరికీ ఒకటే చెప్పేదాన్ని. మా అమ్మ దాని దగ్గర ఉండేది. పోయేటప్పుడు అది నాకు కబురు పెట్టలేదు. నేను వెళ్ళేసరికి అమ్మ కళ్ళు మూసి ఉన్నాయి. చెల్లెలు కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడి ఉంది. "ఎందుకు పిలవలేదే?" అన్నాను. నోరు విప్పలేదు. కడచూపు దక్కనివ్వలేదు నాకు. ఇంతే కథ. వందసార్లు చెప్పి ఉంటాను, వందసార్లూ ఇంతే చెప్పాను.

ఆ వానాకాలం పిట్ట యూనివర్సిటీలో ఆఖరి ఏడాది చదువులో ఉంది. అది చదివేది దౌత్యం. ఆ మాట నా నోరు తిరగడానికే ఆరు నెలలు పట్టింది.

"దేశాలు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకోవాలో నేర్పే చదువు అమ్మమ్మా" అని చెప్పింది చేరిన కొత్తలో.

"దానికి చదువెందుకే? నోరుంటే చాలదూ?"

"గొడవంతా నోరుండటం వల్లే కదా వచ్చింది" అంది. ఇంటా వంటా లేని చదువైతేనేం, జవాబు మాత్రం మా ఇంటి జవాబే.

ఆ బళ్ళో ఆఖరి పరీక్ష ఒకటుంటుంది. కాగితమ్మీద రాసేది కాదు. లోకంలో లేని రెండు దేశాల్ని వాళ్ళే కల్పిస్తారు. వాటి మధ్య ఒక తగాదా పెడతారు. ఆ ఏడాది నది తగాదా వచ్చింది. పైదేశం ఆనకట్ట కట్టుకుంటానంటుంది, కిందిదేశం వద్దంటుంది. పిట్ట పైదేశం. దానికి ఎదురుగా కూర్చున్నది ఒక కళ్ళజోడు పిల్ల, కిందిదేశం. పదిరోజులు ఇద్దరూ ఎవరి పక్షం వాళ్ళు వాదిస్తారు. పదకొండో రోజు కుర్చీలు మార్పిస్తారు. ఇన్నాళ్ళూ ఎవరితో పోట్లాడారో వాళ్ళ కుర్చీలో కూర్చుని, వాళ్ళ పక్షం వాళ్ళకే వినిపించాలి. ఆ కుర్చీలో వారం రోజులు సాధన, ఆ పైన పరీక్ష. పరీక్షలో మార్కులుండవు. అంతా అయ్యాక ఆ పక్షం అసలువాళ్ళని ఒక్క మాట అడుగుతారు, "నీ వైపుది ఏమైనా వదిలేసిందా?" అని. వాళ్ళు వదల్లేదంటే గట్టెక్కినట్టు.

పిట్ట కిందటేడు ఇక్కడే తప్పింది. ఈసారీ తప్పితే సీటు పోతుంది. మూడోసారి కూర్చోనివ్వరు. అయిదేళ్ళ చదువు ఒక కుర్చీ దగ్గర ఆగి ఉంది.

పన్నెండో రోజు పొద్దున పిట్ట తన ఫైలు ఇంట్లో మరిచిపోయి వెళ్ళింది. అమ్మాయి డ్యూటీలో ఉంది. నేనే గొడుగేసుకుని బయల్దేరాను.

అంతకుముందు ఆ బడి గేటు కూడా చూడలేదు నేను. రాతి మెట్లు, మెట్లు ఎక్కగానే మనిషంత ఎత్తు భూగోళం. వాచ్‌మన్ నా చేతిలో ఫైలు చూసి, "హాల్లో ఉన్నారు పెద్దమ్మా. మాట్లాడకుండా పైన బాల్కనీలో కూర్చుంటానంటే పంపిస్తా" అన్నాడు. "నేను మాట్లాడకుండానా?" అన్నాను. మా ఇంట్లో వింటే నవ్వుతారు. కానీ నిజంగా ఆ తలుపు తోసి లోపల అడుగు పెట్టాక నోరు దానంతటదే మూతపడింది.

అంత నిశ్శబ్దం నేనెక్కడా చూడలేదు. ఆస్పత్రిలో ఉంటుంది గాని అది భయం నిశ్శబ్దం. ఇది వేరు. మధ్యలో గుండ్రటి బల్ల. గుండ్రం ఎందుకో తరవాత పిట్ట చెప్పింది: మూలలుంటే తలవైపు ఎవరు కూర్చోవాలని మళ్ళీ తగువొస్తుందట. ఒకామె చేతిలో కొలబద్ద పట్టుకుని కుర్చీకీ బల్లకీ మధ్య ఎడం కొలుస్తోంది. ఈ కుర్చీకి ఎంతో ఎదుటి కుర్చీకీ అంతే. నీళ్ళ గ్లాసులు అటు ఎన్నో ఇటూ అన్ని, వాటిలో నీళ్ళు కూడా ఒకే ఎత్తున. గదికి రెండు తలుపులు. ఒక వైపువాళ్ళు ముందొచ్చి రెండోవాళ్ళ కోసం కూర్చుని ఎదురుచూడాల్సిన పని లేకుండా, గంట కొట్టగానే రెండు తలుపులూ ఒక్కసారి తెరుచుకుంటాయి. ఎవరి మనసు ఎక్కడ చివుక్కుమంటుందో ముందే వెతికి పట్టుకుని, అక్కడల్లా మెత్త పరిచినట్టుంది ఆ గది. మనిషి మనసు మీద ఇంత శ్రద్ధ పెట్టే చోటు ఒకటుందని అరవయ్యారేళ్ళు వచ్చేదాకా నాకు తెలీదు.

వాళ్ళ పెద్ద మేడం తల నెరిసిన సన్నటి మనిషి. ముప్పయ్యేళ్ళు దేశదేశాల రాయబార కార్యాలయాల్లో పనిచేసిందట. ఒకసారి పదకొండు రోజులు ఒక గదిలోంచి కదలకుండా కూర్చుని రెండు సైన్యాల్ని చెరో పదడుగులు వెనక్కి జరిపించిందని వాచ్‌మన్ చెప్పాడు. ఆ మాట వాడు గుసగుసగా చెప్పాడు, నేనూ గుసగుసగానే విన్నాను.

గంట కొట్టారు. పిట్ట కిందిదేశం కుర్చీలో కూర్చుంది. ఎదురుగా కళ్ళజోడు పిల్ల. పిట్ట గొంతు సవరించుకుంది. పెదవులు బిగించింది. ముక్కు సర్రున ఎగబీల్చింది.

"మేమెవరిమిలెండి, మమ్మల్నెవరడుగుతారులెండి! మీరు వదిలితే తాగుతాం, లేకపోతే ఎండుతాం. మా ఖర్మ!"

హాలంతా గొల్లుమంది. బాల్కనీలో కూర్చున్న నేనూ నవ్వేశాను. అలవాటైన నవ్వు, ఎక్కడ ఉన్నానో చూసుకోకుండా వచ్చేసింది.

పెద్ద మేడం మాత్రం నవ్వలేదు. అందరి నవ్వూ అయ్యేదాకా ఆగి, "బాగా నవ్వించావమ్మా. ఇక వాళ్ళ పక్షం చెప్పు" అంది.

"చెప్పాను కదా మేడం."

"లేదు. వాళ్ళు ఎలా ఉంటారో చూపించావు. వాళ్ళకి ఏం కావాలో చెప్పలేదు. నువ్వింకా నీ కుర్చీలోనే ఉన్నావు. ఎవరి దగ్గర నేర్చుకున్నావిది?"

పిట్ట తల దించుకుని, "మా ఇంట్లో అందరం ఇంతే మేడం" అంది.

అప్పుడు చూశాను కళ్ళజోడు పిల్లని. పదిరోజులు ఆ కుర్చీ కోసం గొంతు చించుకున్న పిల్ల. కోపంగా లేదు. ముందున్న కాగితాల అంచులు సరిచేసుకుంటోంది, సరిగ్గా ఉన్నవాటినే. అటువంటి మొహం నాకు తెలుసు. నేను తలెత్తి బోర్డులు చదువుతున్నప్పుడు నన్ను దాటిపోయే మొహం అది. నేను చూడటం లేదనుకున్నాను గాని చూస్తూనే ఉన్నానన్నమాట.

ఫైలు వాచ్‌మన్‌కిచ్చి వచ్చేశాను. గొడుగు తెరవడం ఇంటి సందు మలుపు దాకా గుర్తుకు రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం. వాన జోరుగా పడుతోంది. నేను ఉతికిన బట్టలు మడతపెడుతున్నాను. పిట్ట గోడకి ఆనుకుని కూర్చుని ఉంది.

"ఎదుటివాళ్ళ మాట నోట్లోకి రాగానే వెక్కిరింతైపోతోంది అమ్మమ్మా. ఆపుదామంటే ఆగదు. ఎల్లుండే పరీక్ష. ఈసారీ పోయినట్టే."

 పిల్లకి పాలతోపాటు ఏం పోశానో నాకు తెలిసిపోయింది.

ఉన్నట్టుండి లేచి వంటింట్లోంచి రెండు కుర్చీలు లాక్కొచ్చి ఎదురెదురుగా వేసింది. చేత్తో జానలు కొలిచి సరిచేసింది.

"కూర్చో. మనం చిన్నమ్మమ్మ తగాదా వేసుకుందాం. నీ పక్షం నాకు కంఠతా వచ్చు. నువ్వు చిన్నమ్మమ్మ పక్షం చెప్పు."

"దానికి పక్షమెక్కడిదే?"

"కూర్చోవే ముందు! ముక్కు ఎగబీల్చకూడదు. టేపు సర్దుకోకూడదు. 'నేనెవర్నిలే' అనకూడదు."

"అవన్నీ తీసేస్తే దాంట్లో ఇంకేం మిగిలిందే?"

"అదే చూద్దాం" అంది.

సరే పిల్ల ముచ్చట అని కూర్చున్నాను. మొదలుపెట్టగానే పెదవులు బిగుసుకున్నాయి. పిట్ట వేలు చూపించింది. మళ్ళీ మొదలుపెట్టాను, చెయ్యి మెడ మీదికి పోయింది. మళ్ళీ వేలు. మూడోసారి చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, తిన్నగా చూస్తూ అన్నాను.

"నేను దర్జీని. అమ్మ ఆరు నెలలు మంచంలో ఉంది. మంచం పక్కనే మిషను వేసుకుని కుట్టేదాన్ని. మిషను చప్పుడు ఆగితే అమ్మ ఉలిక్కిపడి కళ్ళు తెరిచేది, నేను వెళ్ళిపోయాననుకుని. అందుకని కుట్టడానికి బట్ట లేకపోయినా ఊరికే తొక్కుతూ ఉండేదాన్ని."

ఇది నాకెలా తెలుసా అని నాకే ఆశ్చర్యం వేసింది. చూశాను. వెళ్ళినప్పుడు చూశాను, బట్ట లేని మిషను ఆడుతోంటే. చూసి జోకేశాను కూడా.

"అక్క వచ్చేది. గుమ్మంలోంచే 'ఏమ్మా మహారాణీ, ఇంకా పవళింపేనా' అని అరిచేది. అమ్మ నవ్వేది. గంటసేపు నవ్వించి వెళ్ళిపోయేది. దుప్పటి మార్చేది నేను. అమ్మకి అక్కంటే ప్రాణం. అయితే అవనీ. అమ్మకి ఎప్పుడు ఊపిరాడకపోయినా అక్క పనిచేసే లాండ్రీకి ఫోన్ చేసి పిలిచేదాన్ని. మూడుసార్లు పిలిచాను. మూడుసార్లూ అమ్మ తేరుకుంది. అక్క ఇస్త్రీ పని మధ్యలో వదిలి వచ్చేది, అక్కడ చీవాట్లు తినేది. మూడోసారి అమ్మ మంచం పక్కనే నిలబడి నాతో అంది..."

ఆగిపోయాను.

పిట్ట నా కుర్చీలో కూర్చుని ఉంది కదా. అది నేనై అడిగింది, మెల్లిగా: "నేనేమన్నాను?"

"'ఇంకోసారి ఊరికే పిలిచి పరిగెత్తించకు. నిజంగా అయినప్పుడు చెప్పు' అన్నావు."

బయట వాన పడుతూనే ఉంది. పిట్ట ఒడిలో పుస్తకం తెరిచే ఉంది గాని అందులో ఏమీ రాసుకోలేదు. నేను లేచి, మడతపెట్టిన దుప్పటి విప్పి మళ్ళీ మడతపెట్టాను.

గుమ్మంలో మా అమ్మాయి నిలబడి ఉంది, డ్యూటీ దిగి వచ్చి, తడిసిన గొడుగుతో. ఎప్పట్నుంచి నిలబడిందో.

"ఆ మాట అన్నావా అమ్మా?"

"అన్నాను."

"మాకెప్పుడూ చెప్పలేదే."

"నాకు నేనే ఎప్పుడూ చెప్పుకోలేదే" అన్నాను.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరూ పిన్నిలా చెయ్యమని అడగలేదు.

పరీక్షకి ఇంటివాళ్ళని రానిస్తారు. నేనూ అమ్మాయీ బాల్కనీలో ముందు వరసలో కూర్చున్నాం. అదే గుండ్రటి బల్ల, అవే గ్లాసులు. గంట మోగింది, రెండు తలుపులూ ఒక్కసారి తెరుచుకున్నాయి. లోపలికొచ్చిన పిట్ట నడక కూడా నాకు కొత్తగా ఉంది. అరచేతుల్లో పట్టిన పిల్ల, ఒక దేశమంత బరువు భుజాన వేసుకుని నడిచి వస్తోంది. 

కూర్చుంది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. తిన్నగా చూసింది.

ఎన్ని ఎకరాలు, ఎన్ని ఊళ్ళు, ఏ నెలలో ఎంత నీరు, అన్నీ చెప్పింది. అవి నాకు అర్థం కాలేదు. కానీ మధ్యలో కాసేపాగి ఇలా అంది:

"మీ దగ్గర నదిని చూస్తారు. మా దగ్గర నదిని వింటారు. మా రైతు పడుకున్నా నది చప్పుడు చెవిలో పెట్టుకునే పడుకుంటాడు. ఆ చప్పుడు ఆగితే ఉలిక్కిపడి లేస్తాడు. మీరు నీళ్ళు వదులుతామంటున్నారు, సంతోషం. ఎన్ని వదులుతారన్నది కాదు మా భయం. ఆపేముందు మాకు చెబుతారా అని."

అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. బట్ట లేని మిషను అక్కడ దేశాల మధ్య ఆడుతోంది. కాలుతో తొక్కిన మనిషికి ఆ సంగతి తెలీదు. అంత పెద్ద హాల్లో, అంతమంది చదువుకున్నవాళ్ళలో, ఎవరూ దగ్గలేదు, కదల్లేదు. నాకు మా చెల్లెలి మిషను ఎంత పెద్దదో అప్పుడు కనిపించింది.

పిట్ట ముగించింది. పెద్ద మేడం కళ్ళజోడు పిల్ల వైపు తిరిగింది.

"నీ వైపుది ఏమైనా వదిలేసిందా?"

ఆ పిల్ల కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుంది. మాకు ఇక్కడ ప్రాణాలు పోతున్నాయి.

"ఏమీ వదల్లేదు మేడం. నదిని వింటారన్నది నా కాగితాల్లో ఎక్కడా లేదు. కానీ అది మాదే."

పెద్ద మేడం పిట్టతో ఒక్క మాటే అంది. "ఇప్పుడు కూర్చున్నావమ్మా."

కింద అందరూ పిట్ట చుట్టూ మూగారు. అమ్మాయి ఏడుస్తూ నవ్వుతూ దాన్ని పట్టుకుని ఊపేస్తోంది. నేను పిట్ట తల నిమిరి, "దారం ఉండ కొనాలి, మీరు పదండి" అన్నాను. మా ఇంట్లో కుట్టుసూది పట్టేవాళ్ళే లేరు. పిట్ట నా మొహం చూసి, ఏ దారమని అడగలేదు.

చెల్లెలి ఇంటి ముందుగది అది కుట్టుపని చేసుకునే గదే. తలుపు తీసే ఉంది. మిషను ఆడుతోంది. కొలతలివ్వడానికి వచ్చేవాళ్ళ కోసం వేసిన పీట ఒకటి ఎదురుగా ఉంది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి వెళ్ళి దానిమీద కూర్చున్నాను. తొమ్మిదేళ్ళలో దాని జుట్టు బాగా నెరిసింది.

తలెత్తలేదు. మిషను ఆపలేదు. "బట్టలేమైనా తెచ్చావా?" అంది, సూదుల మధ్య నుంచి.

"లేదు. నీ పక్షం చెప్పడానికొచ్చాను."

"నాకు పక్షమేమిటి? నేనెవర్నిలే..."

"నువ్వాగు. నువ్వు మధ్యలో మాట్లాడకూడదు. అది పద్ధతి."

చెప్పాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని, తిన్నగా చూస్తూ చెప్పాను. ఆరు నెలలూ చెప్పాను, దుప్పట్లు చెప్పాను, బట్ట లేని మిషను చెప్పాను. మూడు ఫోన్లూ చెప్పాను. నేనన్న మాట, ఒక్క అక్షరం మార్చకుండా, దాని ముందు రెండోసారి అన్నాను. "అందుకని నాలుగోసారి నాకు భయం వేసింది. నిజంగానో కాదో తెలీలేదు. ఫోన్ చెయ్యలేదు. అక్క వచ్చి ఎందుకు పిలవలేదే అంది. నీ మాటవల్లే అని అంటే అక్క ఇక జన్మలో కోలుకోదని నోరు మూసుకున్నాను." అక్కడికి ఊపిరి తీసుకుని, ఆ హాల్లో అడిగినట్టే అడిగాను. "నీ వైపుది ఏమైనా వదిలేశానా?"

మిషను ఎప్పుడు ఆగిందో గమనించలేదు.

చెల్లెలు నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి మిషను పక్కనున్న చిన్న గుడ్డదిండుకి గుచ్చింది. నాలుగూ గుచ్చింది. సూదులు లేకుండా దాని మొహం చూసి ఎన్నాళ్ళయిందో.

"ఒకటి వదిలేశావక్కా" అంది.

"చెప్పు."

"ఆ మధ్యాహ్నం అమ్మకి చూపు ఆనలేదు. పెద్దది వచ్చిందా, పెద్దది వచ్చిందా అని ఒకటే అడగడం. ఫోన్ దగ్గరకి వెళ్దామని లేచాను. నా చెయ్యి వదల్లేదు. వదిలించుకుని వెళ్తే ఈలోపు..." ముక్కు ఎగబీల్చింది. అది అలవాటు కాదని, ఏడుపు ఆపుకునే పద్ధతని నాకు అప్పుడు తెలిసింది. "అందుకని నేనే నువ్వయ్యాను. నీ గొంతుతో మాట్లాడాను. అమ్మ నువ్వే అనుకుంది. నవ్వింది కూడా. నిన్ను చూడకుండా పోలేదక్కా అమ్మ. పోయే మనిషికి అబద్ధం చెప్పాను. అది నీకెలా చెప్పను?"

  పీట దాని వైపు జరుపుకుని అడిగాను.

"ఏమన్నావే?"

"ఇప్పుడెందుకులే."

"అను. నేను వినలేదుగా."

చెల్లెలు మెడలోంచి టేపు తీసి మిషను మీద పెట్టింది. లేచి గుమ్మం దాకా వెళ్ళి, నేను చెప్పులు విడిచిన చోట నిలబడింది. చెయ్యి నడుం మీద వేసుకుని, గది దద్దరిల్లేలా అరిచింది.

"ఏమ్మా మహారాణీ, ఇంకా పవళింపేనా!"

అచ్చం నేనే. నా గొంతే, నా గీరే. వెక్కిరింత మాత్రం రవ్వంత కూడా లేదు.